వెయ్యి అడుగుల లోపల

మూడో బిందె సగం నిండింది. లాల్‌బీ ఒక చేత్తో గొట్టం పట్టుకుని, రెండో చేత్తో నిండిన బిందెను గోడవైపు జరుపుతోంది. ఆ వీధికి కుళాయి నీళ్లు రోజు మార్చి రోజు వస్తాయి. వచ్చినా ఎంతసేపుంటాయో ఎవరూ చెప్పలేరు. అందుకే నీళ్లొచ్చే వేళ ఆమె ఎవరు పలకరించినా పలకదు. బిందెలు, తపేలాలు, ఆఖరికి చెంబుల దాకా నింపుకుని, గొట్టం చుట్టి మూలన పెట్టాకే మనుషుల్లో పడుతుంది.

ఎదురింటి షాహీదాబీకి ఆ సంగతి తెలుసు. తెలిసీ తన బిందె వదిలేసి రోడ్డు దాటి వచ్చింది.

"విన్యావా లాల్‌బీ? పైవీధిలో ఇండ్లు కొలుస్తాండారంట."

లాల్‌బీ తల ఊపింది.

"తల ఊపితే అయిపోలా. ఎల్లుండికి మన వీధికొస్తారంట."

"ఎందుకంట వదినా?"

"ఇంటిపన్నుకంట. ఉత్త పన్నయితే యాడ్సుకుంటా కడ్తాం. వెయ్యి అడుగులు దాటిందనుకో, బియ్యం కార్డే కొట్టేస్తారంట. కార్డు పాయనంటే ముసలోళ్ల పింఛను పాయ, ఆస్పత్రి పాయ. ఆ మూలింటోళ్ల కార్డు పోయింది తెలుసునా? మొన్న బియ్యం బండి కాడ బొటనేలు పెడితే మిషన్ మూగదైపోయిందంట."

"మాది చిన్నిల్లే గదా."

"కింద చిన్నదే." షాహీదాబీ తలెత్తి మిద్దె మీదికి చూసింది. "పైన రాధిక ఉండే గది సంగతేంది?"

బిందె నిండి పొర్లుతోంది. పొర్లిన నీళ్లు లాల్‌బీ పాదాల మీదుగా పోయి మురికి కాలువలో కలుస్తున్నాయి. చుక్క నీళ్లు కింద పడితే అత్తను కూడా కసిరే మనిషి, అట్లాగే గొట్టం పట్టుకుని నిలబడిపోయింది.

లోపల వంటింటి గోడకు వరసగా మేకులు కొట్టి ఉన్నాయి. మేకు మేకుకీ ఒక చిన్న సంచి. పరుపులు కుట్టగా మిగిలిన చారల గుడ్డతో లాల్‌బీ తనే కుట్టుకుంది. ఇంటిపన్నుకొకటి, కుళాయికొకటి, కరెంటుకు, గ్యాసుకు, అత్త మాత్రలకు తలా ఒకటి. ఒక సంచిలోది తీసి ఇంకో సంచి అవసరం తీర్చకూడదన్నది ఆమె కట్టడి. భర్త జావేద్ ఒకసారి సినిమాకని కరెంటు సంచిలో చెయ్యి పెడితే, రెండు రోజులు అన్నం పెట్టింది గానీ మాట పెట్టలేదు.

ఆ సంచులకు నీళ్లు తోడే బావులు రెండే. పైగది బాడుగ నేరుగా ఇంటిపన్ను, కుళాయి, కరెంటు, గ్యాసు సంచుల్లోకి పోతుంది. అత్త సైదున్నీసా పింఛను మాత్రల సంచిలోకి పోతుంది. జావేద్ సంపాదన తిండికి, దూదికి సరి. ఏప్రిల్ దాటకుండా ఏడాది పన్ను కడితే కొంత తగ్గిస్తారని, ఆ తగ్గినదాంతో పండక్కి అత్తకు చీర తీయొచ్చని కూడా అనుకుని ఉంది.

లాల్‌బీ పన్ను సంచిని బయటనుంచే తడిమి చూసింది. తర్వాత మాత్రల సంచిని తడిమింది. రెండేళ్ల కింద అత్తకు గుండెనొప్పి వచ్చిన రోజు గుర్తుకొచ్చింది. కడప ఆస్పత్రిలో కిటికీ వెనక కూర్చున్న అమ్మాయి అత్త పేరు అడగలేదు, జబ్బు అడగలేదు. "కార్డుందా?" అనే అడిగింది. ఉందన్నాకే పడకబండి కదిలింది. లేదని ఉంటే ఏమయ్యేదో లాల్‌బీ ఇన్నాళ్లూ ఆలోచించలేదు. ఇప్పుడు వంటింట్లో నిలబడి ఆలోచించింది.

ముందుగదిలో జమ్మలమడుగు లాడ్జివాళ్ల పరుపు సగంలో ఉంది. పనిలో పడితే గుబులు తగ్గుతుందని ఆమె గుడ్డ పరిచింది. వాళ్లిచ్చిన మంచం కొలతను గుడ్డ మీద టేపుతో తీసి, అటు బెత్తెడు, ఇటు బెత్తెడు వదిలి సుద్దతో గీత గీసింది. మామ బతికున్నప్పుడు నేర్పిన పద్ధతి అది. గుడ్డ ఉతికితే కుంచించుకుంటుంది, దూది నింపితే లోపలికి లాక్కుంటుంది, కొసకు నాలుగు వేళ్ల వెడల్పు వదలకపోతే పరుపు మంచానికి పొట్టి పడుతుంది అనేవాడాయన. దూదేకుల ఇంట్లో కోడలై వచ్చిన మొదటి ఏడాది ఆమె ఒక పరుపు పొట్టి చేసింది. మళ్లీ చేయలేదు. ఇప్పుడు కన్ను చూడకపోయినా చెయ్యి తనంతట తనే బెత్తెడు వదులుతుంది.

కత్తెర గుడ్డలోకి పోనిచ్చి, ఆగింది. కత్తెర కింద పెట్టి టేపు అందుకుంది.

"అత్తా, ఈ కొస పట్టుకుందువు రా."

సైదున్నీసా గోడ పట్టుకుని లేచి వచ్చింది. "దేనికే?"

"ఇల్లు కొలవాల."

"ఇల్లు కొలిచేదేంది! దీనికేమన్నా పరుపుకు మల్లే గలీబు కుడతావా?"

లాల్‌బీ నవ్వలేదు. షాహీదాబీ అన్నదంతా చెప్పింది. ముసలామె మొహంలో నవ్వు మెల్లగా పోయింది. కొంగు బొడ్లో దోపుకుని టేపు కొసను రెండు చేతులా గోడకు అదిమింది.

"గట్టిగా పట్టుకో. జారనియ్యద్దు."

"పట్టుకున్యా లేమ్మే. గోడేమన్నా పరిగెత్తి పోతాదా?"

టేపు పొట్టిది. పరుపులకు సరిపోతుంది గానీ ఇంటికి చాలదు. కొలిచిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టుకుంటూ, బయటిగోడ మూలనుంచి బయటిగోడ మూలకు ఇద్దరూ ఎండలో నడిచారు. పొడవు తీసింది, వెడల్పు తీసింది. కొసకొచ్చిన ప్రతిసారీ బెత్తెడు వదిలి గీత గీసింది. తర్వాత ఒక్కతే మెట్లెక్కి పైగది చుట్టూ కొలిచింది. గదికి తాళం వేసి ఉంది. రాధిక బట్టలంగడికి, ఆమె కూతురు సాయిశ్రీ బడికి పోయి ఉన్నారు. కిటికీ ఊచలకు పాప యూనిఫాం రిబ్బన్లు ఆరేసి ఉన్నాయి.

ముందుగది గచ్చు మీద సుద్దముక్కతో లెక్క వేసింది. కింది ఇల్లు ఏడువందల నలభై ఎనిమిది. పైగది రెండువందల యాభై ఆరు. కూడింది. చెరిపి మళ్లీ కూడింది.

"ఎంతొచ్చె?"

"వెయ్యీ నాలుగు."

సైదున్నీసా వంగి గచ్చు మీది అంకెలను చూసింది. తర్వాత, "నాలుగడుగులంటే ఎంతమ్మీ?" అంది.

లాల్‌బీ వాకిట్లో చెప్పులు విడిచే చోటు చూపించింది.

"అంతేనా! ఆ తావు మాది కాదు, చెప్పులదని చెప్దాంలే," అంది ముసలామె. అంటూనే ఆమె చెయ్యి ఎడమవైపు రొమ్ము మీదికి పోయింది. నొప్పి వచ్చి కాదు. ఆ చెయ్యి అక్కడికెందుకు పోయిందో లాల్‌బీకి అర్థమైంది.

జావేద్ పులివెందుల పక్క పల్లెల్లో ఉన్నాడు. దూది ఏకే మిషన్‌ను ఆటోకు బిగించుకుని పోతే నాలుగైదు రోజులకు గానీ రాడు. ఫోన్ ఎత్తాడు కానీ మిషన్ ఆపలేదు.

"యాందీ? వినపడల్యా! కొలిచేవాళ్లా?"

ఆమె అరిచి చెప్పింది. అవతల మిషన్ ఆగింది.

"కార్డు పోకూడదు లాలీ. నేనీడ బత్తాయి తోటోళ్లకు ఆరు పరుపులు ఒప్పుకున్యా, వదిలి రాలేను. రేపు రాత్రికి గానీ, ఎల్లుండికి గానీ వస్తా. అంతలోపల ఏం చేయాల్నో నువ్వే చేయి. కార్డు మాత్రం పోకూడదు."

ఏం చేయాలో షాహీదాబీ దగ్గర తయారుగా ఉంది. "రేకులు పీకేయండి. పైన కప్పు లేకుంటే అది గదెట్లయితాది? మిద్దె మీద ఉత్త గోడలు. మా ఇంటాయన్ని పంపిస్తాలే, పొద్దన్నే వచ్చి నట్లు ఇప్పేస్తాడు." కొంచెం ఆగి, గొంతు తగ్గించింది. "ఆ పిల్లని మాత్రం పంపించెయ్. బాడుగ మనిషి కంటబడిందంటే ఇంకేం దాచలేవు."

రాధిక చీకటి పడే వేళకు అంగడినుంచి వచ్చింది. వచ్చీరాగానే మెట్ల మీద కూలబడి పిక్కలు పిసుక్కోవడం ఆమెకు అలవాటు. బట్టలంగడిలో పొద్దంతా నిలబడే ఉండాలి. బేరం లేని వేళ కూడా కూర్చోకూడదు. పైనుంచి సాయిశ్రీ సోషల్ పాఠం గట్టిగా చదువుతున్న చప్పుడు వస్తోంది.

"ఈ పొద్దు ఒకామె వచ్చిందక్కా," అంది రాధిక, లాల్‌బీని చూసి. "ముప్పై చీరలు ఇప్పించి, 'మా కోడలికి ఏదీ బాగుండదులే' అని జాకెట్ గుడ్డ కొనుక్కోని పాయ. మడతలు పెట్టేసరికి నా సామిరంగా, చేతులు పడిపోయినాయి."

ఇంకో రోజైతే లాల్‌బీ నవ్వేది. పక్కన కూర్చునేది. ఈ రోజు గడపలోనే నిలబడి, "గది ఖాళీ చేయాల రాధికా," అంది.

"ఎప్పటికక్కా?"

"రేపటికి."

రాధిక నవ్వింది. "ఎగతాళి చేస్తాండావా?" లాల్‌బీ మొహం చూసి పిక్కల మీద చెయ్యి ఆపింది. "నేనేమన్నా తప్పు చేసినానా అక్కా? నీళ్లు ఎక్కువ వాడినామా?"

"లేదు లేదు." లాల్‌బీ ఆపకుండా చెప్పేసింది. కొలిచేవాళ్లు, కార్డు, పింఛను, అత్త గుండె. చెప్తున్నంతసేపూ రాధిక కళ్లలోకి కాక ఆమె భుజం మీదుగా వీధి తలుపును చూసింది.

రాధిక అంతా విన్నది. కొంచెంసేపు ఆలోచించి, అంగడిలో పక్క అలమరలోని రంగు చూపించినంత నెమ్మదిగా, "పాపకింకా రెండు పరీక్షలుండాయక్కా," అంది. "ఒక పని చేద్దాం. ఎల్లుండి పొద్దన్నే సామానంతా మీ దూది కింద పెడ్తా. నేను అంగడికి పోతా, పాప బడికి పోతాది. వాళ్లు కొల్చుకోని పోయినంక మళ్లా పైకెక్కుతాం. మేముండేది ఎవరు చూస్తారు?"

మంచి ఉపాయమే. లాల్‌బీకీ మంచిదే అనిపించింది. కానీ దాని వెనకే ఇంకొకటి తోసుకొచ్చింది. దూది కింద స్టవ్వు కనపడితే? పక్కవాళ్లెవరైనా నోరు జారితే? పాప బడినుంచి తొందరగా వచ్చేస్తే? మనుషులు కనపడకున్నా, పైన రేకులుంటే అది గది లెక్కే గదా?

"రేకులు తీసేస్తాండాం. రేపు పొద్దన్నే మనిషి వస్తాడు."

"రేకులా?" రాధిక తలెత్తి పైకి చూసింది. సాయిశ్రీ గొంతు ఇంకా వస్తూనే ఉంది. "ఓ," అంది. ఇక బతిమాలలేదు. "చిలమకూర్లో మా పిన్నమ్మ కూతురుండాది. వాళ్లదీ ఒకటే గది. పొద్దన్నే రెండు బస్సులు మారి రావాల. సరే, చూస్తా లేక్కా."

మెట్లెక్కి పోయింది. కాసేపటికి పైన చదువు ఆగిపోయింది.

పొద్దున్నే ఆటో వచ్చింది. పైనుంచి మూటలు, ట్రంకుపెట్టె, చుట్టిన చాప దిగాయి. స్టవ్వు, చిన్న సిలిండరు ఆటోలో పట్టలేదు. "వీటికి రేపు సాయంత్రం వస్తా," అంది రాధిక. సైదున్నీసా ఇచ్చిన టీ నిలబడే తాగి గ్లాసు కడిగి బోర్లించింది. సాయిశ్రీ పరీక్ష అట్ట గుండెకు ఆనించుకుని ఆటోలో కూర్చుంది. "జేజీ, పోయొస్తా," అంది సైదున్నీసాతో. లాల్‌బీకి చెప్పలేదు.

షాహీదాబీ ఇంటాయన హుమాయున్ వచ్చి నట్లు విప్పాడు. అతను వెల్డింగు పని చేసే మనిషి, మాట తక్కువ. ఒక్కో రేకూ లేస్తుంటే ఎండ గదిలోకి పలకలు పలకలుగా దిగింది. రేకులన్నీ మిద్దె మీదే ఒక వారగా పేర్చి, "రాయేదన్నా పెట్టుకోండి," అని, నట్ల డబ్బా, పానా అక్కడే వదిలి వెళ్లిపోయాడు. లాల్‌బీ రెండు ఇటుకలు పెట్టింది.

తర్వాత గదిలోకి పోయి నిలబడింది. ఎన్నడూ ఎండ చూడని గోడల మీద ఎండ పడుతోంది. అలమర అరలో పరిచిన న్యూస్‌పేపరు, డబ్బాలు పెట్టిన చోట గుండ్రటి నూనె మరకలు, అద్దం మేకు చుట్టూ బొట్టుబిళ్లలు అంటించిన గుర్తులు. ఇక్కడ మనుషులున్నారని ఇవన్నీ అరిచి చెప్తున్నట్టే ఉంది. లాల్‌బీ పేపరు చింపేసింది. బొట్టుబిళ్లల జిగురు గోకేసింది. గడప దగ్గరికొచ్చి ఆగింది. శుక్రవారం శుక్రవారం రాధిక రాసిన పసుపు గడపలోకి ఇంకిపోయి ఉంది. తడిగుడ్డతో తుడిస్తే పోలేదు. కొబ్బరిపీచు, బూడిద తెచ్చి తోమింది. అరచేతులు మండేదాకా తోమింది. అప్పటికీ కొంచెం పసుపు మిగిలింది. దాని మీద సిమెంటు నీళ్లు పూసి కిందికి దిగింది.

సైదున్నీసా ఆమె చేతులు చూసింది. "ఎవుర్నన్నా చంపినావా మే, అట్ల కడుగుతాండావు?"

ఆ రోజు కొలిచేవాళ్లు రాలేదు. మర్నాడు పొద్దున కూడా రాలేదు. వీధిలో మోటార్‌సైకిల్ చప్పుడైనప్పుడల్లా లాల్‌బీ చేతిలో దబ్బనం పరుపులో ఆగిపోయేది. ఒకసారి వేలికి గుచ్చుకుంది. తెల్లటి దూది మీద రక్తపు బొట్టు పడితే, ఆ దూది అంత మేరా తీసి పారేసి మళ్లీ నింపింది. అత్త మాత్ర వేసుకుందో లేదో రెండుసార్లు అడిగింది. వేసుకున్నానని ముసలామె రెండుసార్లూ చెప్పింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చాడు. ఉదయ్‌కిరణ్. వార్డు సచివాలయం పిల్లోడే, ఒకటో తారీకు పింఛను తెచ్చిచ్చి సైదున్నీసాతో వేలిముద్ర వేయించుకుపోయేవాడే. తెలిసిన మొహం చూసి లాల్‌బీకి ధైర్యం రావలసింది. రాలేదు. ఇచ్చే చెయ్యే తీసేసుకునే చెయ్యి అయితే ఎట్లా అనిపించింది.

"ఏమవ్వా, బాగుండావా? మాత్రలు వేసుకుంటాండావా?"

"వేసుకుంటాండా నాయనా. అదేంది, ఎర్రగా మినుక్కుమంటాంది?"

అతని చేతిలో సబ్బుబిళ్లంత పరికరం ఉంది. గోడకు ఆనించి నొక్కితే అవతల ఎర్రచుక్క పడుతోంది. "టేపు బదులు ఇది అవ్వా. నువ్వు దీనికి అడ్డం రావద్దు, వచ్చినావంటే నిన్ను కూడా కొలిచి పన్నేస్తాది."

"నన్నా? నేనెన్ని అడుగులుంటాలే, ఎండిపోయిన ముండని," అంది సైదున్నీసా, అంటూనే పక్కకు జరిగింది.

బయట రెండువైపులా నొక్కి, ఫోన్‌లో ఏదో కొట్టి, "ఏడొందల ఇరవై," అన్నాడు.

లాల్‌బీ నోటినుంచి మాట దానంతటదే వచ్చేసింది. "ఏడొందల నలభై ఎనిమిది కాదా?"

ఉదయ్‌కిరణ్ తలెత్తి చూశాడు. "ఏందక్కా, పన్ను తక్కువైందని బాధా? ప్రొద్దుటూర్లో ఇట్లడిగినోళ్లను నేను చూళ్లేదు."

"మేము కొలిచినాం. టేపుతో."

"ఎట్ల కొలిచినారో చూపించు."

ఆమె చూపించింది. మూల దగ్గర టేపు పెట్టి, కొసకు పోయి, బెత్తెడు వదిలి, సుద్ద గీత దగ్గర వేలు పెట్టింది. మొన్నటి గీతలు ఇంకా గోడ వార నేలమీద ఉన్నాయి.

"గోడ ఈడికే అయిపాయ గదా. ఆ బెత్తెడు ఎందుకు?"

"వదలాల గదా."

"ఎందుకొదలాల?" అతను నిజంగానే అడిగాడు. తర్వాత ముందుగదిలో కనిపిస్తున్న పరుపు వైపు చూశాడు. మొహమంతా నవ్వు వచ్చింది. "అక్కా! ఇంటిని ఉతికి ఆరేస్తారా ఏంది, కుంచించుకపోయేదానికి?"

సైదున్నీసా నవ్వలేదు. కోడలి వైపే చూస్తోంది.

"పైన గది రేకులు ఏమైనాయి?" అన్నాడతను మెట్ల వైపు పోతూ. "పోయిన నెల పింఛనుకొచ్చినప్పుడు ఉండె. గాలికి లేచిపోయినాయా?"

"తీసేసినాం."

"దేనికి? అది రెండొందల నలభై. కలిపినా తొమ్మిదొందల అరవై. ఇప్పుడు కాదు, అది ముందునుంచీ లెక్కలో ఉండేదే."

"మూలింటోళ్ల కార్డు…" అంది లాల్‌బీ. తన గొంతు తనకే ఎక్కడినుంచో వినిపించింది.

"వాళ్లు కారు కొనిరి గదక్కా. కారుంటే కార్డెట్లుంటాది? దానికీ ఇంటి కొలతకూ ఏం సంబంధం?" ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "పోయొస్తా అవ్వా. ఒకటో తారీకు యాడికీ పోవద్దు, ఇంట్లోనే ఉండు."

అతను ఎదురింటికి పోయాడు. లాల్‌బీ నేలమీది సుద్దగీతలు చూస్తూ నిలబడింది. రెండు రోజుల గుబులు దిగిపోవాలి. కార్డు ఉంది. పింఛను ఉంది. అత్త చెయ్యి రొమ్ము మీదికి పోయే పని లేదు. కానీ భయం పోలేదు. ఇంట్లోనే ఇంకో మూలకు జరిగి కూర్చున్నట్టుంది.

"ఆ పిల్లకు ఫోన్ చెయ్," అంది సైదున్నీసా.

"అంగట్లో ఫోన్ ఎత్తనీరు."

"సాయంత్రం వస్తాది గదా. వచ్చినాక చెప్పు."

"ఏం చెప్పేది?"

"ఉన్నదే చెప్పు."

ఉన్నది చెప్పడం ఎట్లాగో లాల్‌బీ పరుపు కుడుతూ నోట్లో నోట్లోనే అల్లుకుంది. నీ బతుకును బెత్తెడు ఎక్కువ కొలిచి రోడ్డు మీద పెట్టినా అని చెప్పాలా? పాప పరీక్షలప్పుడు రెండు బస్సులు ఎక్కించింది నా సుద్దగీత అని చెప్పాలా? అంతకంటే ఆఫీసువాళ్లే పోనీలే అన్నారని చెప్తే పోతుంది. ఎవరికీ నష్టం లేదు. ఈ నెల బాడుగలో కొంత తగ్గిస్తానని కూడా చెప్పొచ్చు. తగ్గిస్తే ఏ సంచికి తక్కువ పడుతుందో చెయ్యి ఆపి ఒకసారి చూసుకుంది.

సాయంత్రానికి గాలి లేచింది. ముందు వీధిలో కాగితాలు లేచాయి, తర్వాత దుమ్ము లేచింది. మిద్దె మీద ధన్‌మని చప్పుడైంది. లాల్‌బీ పరుగెత్తి పైకి పోయింది. పేర్చిన రేకుల్లో పైదాని మీది ఇటుక ఒకటి దొర్లి పోయింది. రేకు ఒక కొస లేచి పడుతూ ఉంది. అది లేచి వీధిలో పడితే ఎవరి మెడ మీద పడుతుందో. హుమాయున్ పనికి పోయి ఉన్నాడు. ఆమె రేకు మీద మోకాలు పెట్టి అదిమి, ఇంకో రేకును గోడల మీదికి లాగాలని చూసింది. ఒక కొస ఎత్తితే రెండో కొస గాలికి తిరిగిపోతోంది.

ఎవరో రెండో కొస పట్టుకున్నారు.

రాధిక. అంగడి చీరలోనే ఉంది. చెప్పులు మెట్ల కింద వదిలి వచ్చింది. రేకును తనవైపు ఎత్తి ఇనుప పైపు మీద ఆనించి రెండు చేతులా అదిమిపట్టింది. లాల్‌బీ కొక్కీ దూర్చి, నట్టు కోసం అటూ ఇటూ చూసింది. నట్లు డబ్బాలో గోడ అవతల ఉన్నాయి. రాధిక వంగి గుప్పెడు తీసుకుని, చేతులు రేకుకు కావాలి కాబట్టి, వాటిని పెదాల మధ్య పెట్టుకుంది. ఒక్కొక్కటే తీసి అందించసాగింది.

"వాళ్లొచ్చి పోయినారు రాధికా," అంది లాల్‌బీ పానా తిప్పుతూ. "ఏం ఇబ్బంది లేదన్యారు. ఆఫీసోళ్లే పోనీలే అన్యారు. గది ఉండొచ్చంట."

రాధిక ఇంకో నట్టు తీసి ఇచ్చింది.

"రేపటికల్లా గది కడిగి పెడ్తా. పాపని తీసుకోని వచ్చేయండి. ఈ నెల బాడుగ సగమియ్యి చాలు."

రెండో రేకు ఎత్తారు. గాలికి రాధిక కొంగు మొహానికి చుట్టుకుంది. భుజంతో తోసుకుంది గానీ రేకు వదల్లేదు.

కిందనుంచి సైదున్నీసా గొంతు లేచింది. మెట్ల మొదట్లో నిలబడి ఉంది, పైకి ఎక్కలేదు గానీ అన్నీ వింటోంది. "నిజం చెప్పు మే! ఆఫీసోళ్లదేం లేదు రాధికా! ఈమే తప్పు కొలిచింది! పరుపుకు వదిలినట్ల ఇంటికి బెత్తెడు వదిలింది!"

పానా నట్టు మీదే ఆగింది. రాధిక చూపు మొదటిసారి లాల్‌బీ మొహం మీద నిలిచింది. పెదాల మధ్య నట్లు ఉన్నాయి కాబట్టి ఏమీ అనలేదు.

"అవును," అంది లాల్‌బీ. "నేనే. భయంతో ఏం తెలీలా. నువ్వు చెప్పిన ఉపాయమే మంచిది. వినకపోతి. నీ కాళ్లు పట్టుకుంటా రాధికా, ఎంత తిట్టినా పడ్తా, వచ్చేయి."

రాధిక నట్టు తీసి చాచిన చేతిలో పెట్టింది. వేళ్లు నల్లగా, తుప్పుతో ఉన్నాయి. లాల్‌బీ బిగించింది. మర సరిగా పడలేదు. విప్పి మళ్లీ బిగించింది. మూడో రేకు, నాలుగో రేకు. మాటలు అయిపోయినా లాల్‌బీ మాట్లాడుతూనే ఉంది. పాప పరీక్ష ఎట్లా రాసిందని అడిగింది, బస్సులో సీటు దొరికిందా అని అడిగింది, బాడుగ అసలు వద్దు అని కూడా అంది. ఆ మాట అన్నాక తనే ఉలిక్కిపడింది, అయినా వెనక్కి తీసుకోలేదు. రేకు తర్వాత రేకు గది మీద నీడ పరుచుకుంది.

ఆఖరి కొక్కీ దగ్గర రాధిక పెదాల మధ్య ఒక్క నట్టే మిగిలింది. తీసి ఇచ్చింది. లాల్‌బీ దాన్ని బిగించింది. పానా కింద పెట్టి, ఎదురుగా నిలబడి, ఆమె నోటివైపే చూసింది. తిట్టు కోసం, నవ్వు కోసం, సరే అన్న మాట కోసం, ఏదైనా ఒకటి.

రాధిక రేకును ఒకసారి చేత్తో నొక్కి చూసింది, కదలలేదు. పెదాల మీది తుప్పును కొంగుతో తుడుచుకుంది. మెట్లు దిగింది. చెప్పులు తొడుక్కుంది. వంటింటి గడప పక్కన పెట్టి ఉన్న స్టవ్వును గోనెసంచిలో దించి భుజానికి తగిలించుకుంది. చిన్న సిలిండరు నడుము మీదికి ఎత్తుకుంది.

"నీళ్లన్నా తాగి పోమ్మా," అంది సైదున్నీసా.

రాధిక ముసలామె భుజం మీద చెయ్యి వేసి, తీసింది. వీధి తలుపు గాలికి కొట్టుకోకుండా మోచేత్తో దగ్గరికి లాగి, వెళ్లిపోయింది.